ముప్పై ఒక్క పేర్లు

నా బిడ్డ గీతాంజలి పార్టీ సంగతి ఎత్తిన నాడు నేను బర్లకు కుడితి కలుపుతున్న. ఉగాది పోయిన తెల్లారి. మా ఇల్లు ఉప్పుగూడలో, కొట్టం జల్‌పల్లిలో. పదకొండు బర్లు. పొద్దున నాలుగింటికి ఒకసారి, పగలు మూడింటికి ఒకసారి పాలు పిండాలె. ముప్పై ఏండ్ల సంది ఆ పని నేనే చేస్తున్న. వేరే చెయ్యి తగిలితే మా బర్లు చేపవు. పాలు ఎగబట్టుకుంటయి.

కొట్టం ముందర రేకుల నీడన ముగ్గురు కూసున్నరు. గీత, పప్పుల హోల్‌సేల్ దుకాణం సోమయ్య, కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ పని చేసి రిటైరైన వహీద్ భాయ్. నేను నిలబడే ఉన్న.

మేం ముగ్గురం మగోళ్లం పోయిన కార్పొరేటర్ ఎలక్షన్లో ఓడినోళ్లం. ముగ్గురం ఇండిపెండెంట్లమే. వహీద్ భాయ్ తలాబ్‌కట్ట దిక్కు నిలబడ్డడు. నేను, సోమయ్య ఒకటే డివిజన్లో నిలబడ్డం. నాకు మూడు వేల నూరు ఓట్లు. సోమయ్యకు రెండు వేల తొమ్మిది వందలు. గెలిచినోనికి ఐదు వేలు. ఆయన పక్కకు జరిగితే నేను గెలుద్దును. ఆ నాటి సంది సోమయ్యతో నేను మాట్లాడలే. నా గురించి ఆయన కూడా గదే మాట అంటడని విన్న. అననీ.

"బైఠో బీరయ్య భాయ్," అన్నడు వహీద్ భాయ్. "నిలబడి వింటే కోపం జల్దీ వస్తది."

"కూసుంటే రాదా?"

"వస్తది. లేచేటందుకు టైం పడ్తది గదా. అంతల మాట పూర్తి చేస్తం."

నేను కూసోలే. గీత నా దిక్కు చూడకుంటనే మొదలుపెట్టింది. అది మలక్‌పేటలో ఒక నోటరీ వకీలు దగ్గర టైపు పని చేస్తది. కాయితాల భాష దానికి వచ్చు.

"బాపూ, చిన్నగ చెప్త. ఒక్కొక్కరు నిలబడితే ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు ఇస్తరు. నీకు కుట్టుమిషన్ వచ్చింది. సోమయ్య కాకకు గాజులు. వహీద్ చాచాకు బెలూన్. ఆ గుర్తు జనం నోట్లకు వచ్చేసరికి ఓట్లు పడుడు అయిపోతది."

"బెలూన్," అన్నడు వహీద్ భాయ్. "అరవై మూడేండ్ల మనిషిని. పోస్టర్ మీద బెలూన్ పట్టుకొని నవ్విన. నా మనవడు ఆ పోస్టర్ చించుకొని బడికి తీస్కపోయిండు, అందరికీ చూపెట్టేటందుకు."

"పార్టీ అయితే అందరికీ ఒకటే గుర్తు అడగొచ్చు," అన్నది గీత. "వంద మంది ప్రమాణపత్రం ఇయ్యాలె, ఇంకే పార్టీలో సభ్యులం కామని. పార్టీ పెట్టిన దినం నుంచి ముప్పై రోజుల్ల కాయితాలు కమిషన్‌కు చేరాలె. ఎలక్షన్లు వానలు పోయినంక అంటున్నరు."

"ఏం పార్టీ?" అన్న.

జవాబు సోమయ్య చెప్పిండు. రేకుల దిక్కు చూస్కుంట చెప్పిండు, నాతోని కాదన్నట్టు. "ఒక పార్టీ ఆ గల్లీని చూపెట్టి ఈ గల్లీని భయపెడ్తది. ఇంకో పార్టీ ఈ గల్లీని చూపెట్టి ఆ గల్లీని భయపెడ్తది. రెండు గల్లీలల్ల నల్లా మాత్రం నాలుగు రోజులకొకసారే వస్తది. మనం నడుమ నిలబడ్తం."

"రోడ్డు నడుమ నిలబడ్డోన్ని రెండు దిక్కుల బండ్లు గుద్దుతయి," అని నేను బర్రెతో అన్న.

"ఒక్కడు నిలబడితే గుద్దుతయి. వంద మంది నిలబడితే బండి ఆగుతది," అని సోమయ్య రేకులతో అన్నడు.

వహీద్ భాయ్ ఇద్దర్నీ చూసి తల పట్టుకున్నడు. "యా అల్లా. వీళ్లిద్దరితో పార్టీ."

నాకు పార్టీ అంటే పడదు. పార్టీలో పైనోడు దగ్గితే కిందోడు మందు మింగాలె. నేను ఊర్లె ఐదో తరగతి దాకా చదివిన, పదహారేండ్లకు ఈ పట్నం వచ్చిన, ఒక్క బర్రెతో మొదలుపెట్టిన. ఎవని కండువా వేసుకోలే, ఎవని జీపు ఎక్కలే. గల్లీలో నాకున్న ఇజ్జత్ అదే. ఆ మాటే చెప్పిన. ఇండిపెండెంట్ అంటే నా నోరు నాది అన్న.

"నీ నోరు నీదే బాపూ," అన్నది గీత. "వినేటోళ్లే లేరు."

తర్వాత అసలు మాట చెప్పింది. మా డివిజన్ ఈసారి ఆడోళ్లకు పోతదంట. అది నిలబడాలని నా మనసులో ఎప్పటి సందో ఉండె. దానికీ ఉండె. కాని ఒంటిగ నిలబడనన్నది. పార్టీ అయితేనే నామినేషన్ వేస్తనన్నది. లేకుంటే జీవితమంతా వేరేటోళ్ల కాయితాలు టైపు చేసుకుంట ఉంటనన్నది. అరిచి చెప్పలే. నోటరీ రేటు చెప్పినట్టు చెప్పింది.

"నా పేరు మాత్రం రాయకు," అన్న.

"నిన్ను అడగలే గదా బాపూ."

ఆ రోజు సంది మా ఇల్లు నాది కాకుంట పోయింది. ముందటింట్ల నా పెండ్లాం లలితమ్మ మంచం ఉంటది. ఆమె చచ్చిపోయి మూడేండ్లాయె. ఆ మంచం మీద నేను ఎవర్నీ కూసోనియ్యలే. గీత దాని మీద కాయితాల కట్టలు పరిచింది. ఒక కట్ట ఉప్పుగూడది, ఒక కట్ట తలాబ్‌కట్టది. ఆధార్ జిరాక్సులు ఒక దిక్కు. నేను చూసిన. బయట నులకకుర్చీలో కూసున్న.

పొద్దుగూకే యాలకు జనం వచ్చేటోళ్లు. ఆడోళ్లు ఎక్కువ. సోమయ్య భార్య సుశీలమ్మ చాయ పెట్టేది మా వంటింట్ల. పార్టీ పేరు మీద నాలుగు రోజులు లొల్లి నడిచింది. సోమయ్య రాసుకొచ్చిన పేరు, హైదరాబాద్ మధ్యేమార్గ సమైక్య ప్రజా వేదిక.

"గోడ సరిపోదు సోమయ్య సేట్," అన్నడు వహీద్ భాయ్. "సగం నీ గోడ మీద రాసి సగం పక్కింటోని గోడ మీద రాయాలె."

"గట్లనే పెట్టుండ్రి, పక్కింటోళ్ల పార్టీ అని," అన్నది సుశీలమ్మ చాయ పోసుకుంట. నవ్వుకుంటనే అన్నది. చివరికి అదే ఖాయమైంది. తెలుగుల ఇరుగుపొరుగు పార్టీ, ఉర్దూల పడోసీ పార్టీ. నాకు నచ్చింది. చెప్పలే.

పార్టీ పెట్టిన ఇరవై ఒకటో రోజుకు తొంబై నాలుగు మంది అయిండ్రు. అందరి కాయితాలు టైపయినయి. ఆఖరు ఆదివారం నోటరీ ముందట అందర్నీ ఒకటేసారి నిలబెట్టి ప్రమాణం చేయిస్తమని గీత అనుకున్నది. రాత్రి అన్నం పెట్టుకుంట, "ఇంక ఆరుగురు" అన్నది. నా మొహం చూడలే. నేను పచ్చడి అడిగిన.

ఇరవై రెండో రోజు బాలనర్సింహ వచ్చిండు.

వాడు లలితమ్మ తమ్ముడు, నా బామ్మర్ది. ఒక పెద్ద పార్టీకి మా డివిజన్ ప్రెసిడెంట్. మూడేండ్ల సంది వానికి నా గడప బంద్. లలితమ్మ కిడ్నీలు పాడై చచ్చిపోయింది. శవం ఇంటి ముందర ఉండంగ వాడు నలుగురు మనుషులతో వచ్చి ఆమె మీద పార్టీ కండువా కప్పి ఫోటో తీయించిండు. వాళ్ల పార్టీలో మెంబర్‌షిప్ తీసుకుంటే ప్రమాద బీమా ఉంటది. లలితమ్మ మెంబరంట. నాకు అప్పుడే తెల్సింది. రోగంతో పోయింది కాబట్టి బీమా రాలే. కండువా మాత్రం వచ్చింది. నేను దాన్ని తీసి వాని మొహం మీద ఇసిరేసిన.

ఇప్పుడు వాడు తెల్ల అంగి వేసుకొని, చంకల ఒక లావు బుక్కు పెట్టుకొని, గడప బయటనే నిలబడ్డడు. లోపల గీత, సోమయ్య, సుశీలమ్మ, వహీద్ భాయ్, గల్లీలోళ్లు పది పన్నెండు మంది ఉన్నరు.

"లోపలికి రాను బావా," అన్నడు. "నువ్వు వద్దన్నవు, నేను మాట తప్పేటోన్ని కాదు. బయటి నుంచే చెప్త. గీతా, మంచిగున్నవా బిడ్డా?"

"మంచిగున్న మామా. ఏంది సంగతి?"

"పార్టీ పెడ్తున్నవంట. సంతోషం. మా పార్టీలోళ్లతోనే పెడ్తున్నవు గదా, అందుకని ఒకసారి చూసిపోదామని వచ్చిన."

బుక్కు తెరిచి చదువుడు మొదలుపెట్టిండు. ఆటో నందు. ఇస్త్రీ బండి లక్ష్మయ్య. టైలర్ స్రవంతి. ఒక్కొక్క పేరు, దాని పక్కన మెంబర్ నంబర్. చదివిన పేరు మనిషి అక్కడుంటే వాని దిక్కు చూసి ఒక నవ్వు నవ్విండు. పదిహేనో పేరు సుశీలమ్మది.

సోమయ్య పెండ్లాం దిక్కు తిరిగిండు. "నీ పేరెట్లొచ్చింది?"

"నాకేం తెల్సు? లలితక్క వచ్చి సంతకం పెట్టుమన్నది, పెట్టిన. బీమా వస్తదన్నది. నువ్వు సోలిపోతవు, పడిపోతవు, లూనా మీద పోతవు. ఏమన్నయితే?"

"పన్నెండేండ్ల సంది నేను ఆ పార్టీని తిడ్తున్న."

"తిట్టు. తిడితే బీమా రాదా?"

ఎవరో నవ్విండ్రు. బాలనర్సింహ కూడా నవ్విండు. చదువుతనే ఉన్నడు. అప్పుడు నాకు అర్థమైంది. ఆ బుక్కు నింపింది లలితమ్మ. తమ్ముడు బుక్కు ఇచ్చిండు, అక్క ఇల్లిల్లు తిరిగింది. నేను కొట్టంలో ఉన్నప్పుడు తిరిగి ఉంటది. రెండేండ్లకోసారి రెన్యూవల్ వాడే చేయించిండు, తన లెక్క తగ్గొద్దని. గల్లీలోళ్లు ఎప్పుడో మర్చిపోయిండ్రు.

"ముప్పై ఒకటో పేరు," అన్నడు బాలనర్సింహ. "బీరయ్య, తండ్రి మల్లయ్య, పాల వ్యాపారం."



"బావా, నువ్వు కూడా మావోనివే. ఏడేండ్లాయె. మా మీద ఇండిపెండెంట్‌గ నిలబడ్డప్పుడు గూడ మా మెంబరువే. నేను ఎక్కడా చెప్పలే. ఇంటి మనిషివని ఊకున్న."

నేను లేచి పోయి బుక్కు తీసుకున్న. నా ఫోటో అంటించి ఉన్నది, రేషన్ కార్డు కోసం దిగిన ఫోటో. రాత లలితమ్మది. ఏడో తరగతి దాకా చదివిన రాత, గుండ్రంగ, ఒత్తి ఒత్తి రాసినట్టు. సంతకం కాడ నా పేరు ఆమెనే రాసింది. నా రాత లెక్కనే రాయాలని చూసింది. రాలే.

"అఫిడవిట్‌ల అబద్ధం రాస్తే కేసయితది," అన్నడు బాలనర్సింహ. "గీతా, నువ్వు వకీలు దగ్గర చేస్తవు, నీకు నేను చెప్పాలెనా? ముప్పై మంది మీద కేసు. నేను పెట్ట. పైనోళ్లు పెడ్తరు."

"రాజీనామ ఇచ్చి ముట్టినట్టు ముద్ర తెచ్చుకుంటే అబద్ధం కాదు మామా," అన్నది గీత.

"రమ్మను. ఆఫీసు గల్లీ మలుపులనే ఉన్నది. ఒక్కొక్కర్ని రమ్మను. నా మొహం చూసి ఇయ్యమను, ముద్రేస్త." లక్ష్మయ్య దిక్కు చూసిండు. "పింఛన్ కాయితం నా దగ్గరనే ఉన్నది గదా లక్ష్మయ్యా? ఫికర్ చెయ్యకు. అయితది."

వాడు పోయినంక ఒక్కొక్కరు లేచి పోయిండ్రు. చాయ గ్లాసులు నిండుగనే ఉండిపోయినయి.

మూడు రోజులు మా ఇంటికి ఎవరూ రాలే. గీత పొద్దున పనికి పోయింది, పొద్దుగూకి వచ్చింది, కాయితాలు సర్ది మంచం కిందికి నెట్టింది. పక్క గల్లీల ఒకడు నన్ను చూసి, "ఏం బీరయ్యన్నా, మెంబరు సాబ్" అన్నడు. నేను పాలు పోసి ముందుకు పోయిన.

నా కోపం లలితమ్మ మీద. చచ్చినోళ్ల మీద కోపం తెచ్చుకుంటే జవాబు రాదు, అది తెల్సు. అయినా మూడు రోజులు ఆమెతోని కొట్లాడిన. అడగకుంట ఎట్ల రాస్తవు అన్న. మా ఊర్లె ఒంటిబర్రె తిరుగుతుంటే కనబడ్డోడల్లా దాని మీద వాని ముద్ర వేసుకునేటోడు. నేను ఇండిపెండెంట్ అని తిరిగిన ఏడేండ్లు నా పేరు ఒకని చంకల ఉండె. ఒంటి మనిషి పేరు ఎవడైనా రాసుకుంటడు. అడ్డమొచ్చేటోడు ఉండడు.

నాలుగో రోజు, గీత బువ్వ తింటుంటే అడిగిన. "రాజీనామ ఎట్ల రాస్తరు?"

అది ముద్ద చేతిల పట్టుకొని ఆగింది. "ఎవరికి?"

"ఎవరికైతే ఏంది. ఎట్ల రాస్తరు?"

"నేను టైపు చేసి తెస్త బాపూ."

"టైపు వద్దు. మీ అమ్మ చేత్తోని రాసింది. చేత్తోనే కొట్టేయాలె."

నోట్‌బుక్కుల కాయితం చింపి రాసిన. 'నాకు చెప్పకుంట నా పేరు మీ పార్టీలో రాసిండ్రు. తీసెయ్యుండ్రి. బీరయ్య.' గీత చదివి, కారణం రాయనవసరం లేదన్నది. ఉన్నదన్న.

తెల్లారి పాలు పోసి, తొమ్మిదింటికి బాలనర్సింహ ఆఫీసుకు పోయిన. ఒక్క షట్టరు గది. లోపల కుర్చీలు, గోడ నిండ ఫోటోలు. నేను లోపలికి పోలే. బయట మెట్టు మీద నిలబడి కాయితం చాపిన.

వాడు చదివిండు. "చాయ తాగుతవా బావా?"

"ముద్ర వెయ్యి."

"ముద్ర జిల్లా ఆఫీసుకు పోయింది. రేపు రా."

"ఉంట."

"ఇయ్యాల రాదు బావా."

"వచ్చినప్పుడే రానీ."

మెట్టు మీద కూసున్న. అది నడిచే తొవ్వ. కూరగాయల బండ్లు, బడి పిల్లలు, మసీదుకు పోయేటోళ్లు, గుడికి పోయేటోళ్లు అందరూ ఆ మలుపు మీదికెల్లే పోతరు. నేను ముప్పై ఏండ్లు పాలు పోసిన గల్లీ. నన్ను తెల్వనోడు లేడు. బాలనర్సింహ మెట్టు మీద నేను కూసుంటే ఆగనోడు లేడు.

"ఏంది బీరయ్యన్నా, ఇక్కడ కూసున్నవ్?"

"రాజీనామ ఇయ్యనీకి వచ్చిన."

"దేనికి?"

"వీళ్ల పార్టీకి. నాకు తెల్వకుంట రాసుకున్నరంట. నీ పేరు గూడ ఉన్నదేమో అడుగు."

పదకొండు దాటేసరికి ఎంత మందికి ఆ మాట చెప్పిన్నో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ లోపల బాలనర్సింహ కుర్చీ చప్పుడయింది. ఒక ముసలామె ఆగి విని, లోపలికి తొంగి చూసి, "నా పేరుందా బిడ్డా అండ్ల?" అని అడిగింది. వాడు బుక్కు మూసిండు.

మధ్యాహ్నం ఎండ మెట్టు మీదికి వచ్చింది. వహీద్ భాయ్ నమాజుకు పోయి వచ్చి ఒక గొడుగు, బిర్యానీ పొట్లం ఇచ్చిండు. పక్కన కూసుంటనన్నడు. వద్దన్న. ఇది మా ఇంటి పని అన్న.

మూడయింది. ముప్పై ఏండ్లల్ల నేను మూడింటి పాలు తప్పలే. లలితమ్మను కాటికి పంపి వచ్చి గూడ బర్ల దగ్గరికి పోయిన. వీడు మనిషి కాదు అన్నది గల్లీ. బర్లకు చావు తెల్వదు, పొదుగు నిండితే అరుస్తయి. ఇప్పుడు గూడ అరుస్తుంటయి. నాకు తెల్సు. లేవలే.

గీత ఫోన్ చేసింది. "బాపూ, నేను కొట్టానికి పోతున్న. సగం దినం లీవు పెట్టిన."

"నీకు చేపవు."

"చేపినంత. సోమయ్య కాక వస్తున్నడు దుడ్డెలను పట్టుకునేటందుకు."

"వాడా? వానికి పెసర్లకు మినుములకు ఫరక్ తెల్సు. దుడ్డెకు ఏ దిక్కు తల ఉంటదో తెల్సా?"

"తెల్సుకుంటడు," అని పెట్టేసింది.

నాలుగు కాంగనే ఆటో నందు వచ్చిండు. ఆటో రోడ్డు మీదనే ఆపి, జేబుల నుంచి కాయితం తీసి నా చేతికి ఇయ్యబోయిండు. "నాకెందుకు, లోపల ఇయ్యి" అన్న. లోపలికి పోయిండు. వచ్చి నా పక్కన కూసున్నడు. తర్వాత టైలర్ స్రవంతి, ఆమె వెంట ఇద్దరు ఆడోళ్లు. సుశీలమ్మ వచ్చింది. ఆఖరికి ఇస్త్రీ లక్ష్మయ్య. వాడు కాయితం ఇచ్చి, "పింఛన్ రాకపోతే రాకపాయె" అన్నడు. మెట్టు సరిపోక కొందరు గోడకు ఆనుకొని నిలబడ్డరు. ఎవరూ నినాదం ఇయ్యలే. సుశీలమ్మ మాత్రం ఎవని కోడలు ఎట్ల వండుతదో చెప్పుకుంట ఉన్నది.

ఐదున్నరకు బాలనర్సింహ బయటికి వచ్చి నా ముందర గొంతుక్కూసున్నడు. అంగి తడిసింది.

"బావా, నా ఇజ్జత్ తీస్తున్నవు."

"నాది తీసిపెట్టుకున్నవు గదా. బరాబర్."

"అక్క ఎందుకు రాయించిందో తెల్సా నీకు?" గొంతు తగ్గించిండు. "నువ్వు చాంద్రాయణగుట్ట కాడ క్యాన్లతో పడ్డ ఏడు. కాలు ఇరిగి మూడు నెలలు మంచంల ఉన్నవు. అప్పుడు మా ఇంటికి వచ్చింది. ఆయనకు ఏమన్నయితే నేను, పిల్ల ఏం గావాలె అని ఏడ్సింది. నేనే బుక్కు ఇచ్చిన."

"నాతోని చెప్పలే."

"నీతోని ఎవరు చెప్తరు బావా?"

నేను రోడ్డు దిక్కు చూసిన. ఒక బండి మీద పుచ్చకాయలు పోతున్నయి. బండి మలుపు తిరిగే దాకా చూసిన.

"ముద్ర దొరికిందా?" అన్న.

వాడు లేచి లోపలికి పోయి, బల్ల సొరుగుల నుంచే తీసి, నా కాయితం మీద కొట్టిండు. ఆ తర్వాత ఒక్కొక్కటిగ అందరివీ కొట్టిండు. నా కాయితం ఇచ్చేటప్పుడు అడిగిండు. "ఇగ ఇంటికి రానిస్తవా?"

"లేదు."

ఇంటికి పోయేసరికి గీత క్యాన్లు దించుతున్నది. రెండు క్యాన్లు రావాల్సిన కాడ ఒకటి వచ్చింది. పదకొండింట్ల ఆరు చేపినయంట. సోమయ్య అరుగు మీద ఒక కాలు చాపుకొని కూసున్నడు. ప్యాంటుకు పేడ. తొడ మీద గిట్టె ముద్ర.

"బీరయ్యా," అన్నడు. నాలుగేండ్లల్ల నా మొహం చూసి అన్న మొదటి మాట. "నీ బర్లు అచ్చం నీ అసుంటియే. కారణం చెప్పకుంట తంతయి."

"కారణం ఉంటది," అన్న. "రేపు నేను పోత. నువ్వు దుకాణం చూస్కో."

ముద్ర తెచ్చుకున్నోళ్లు ఇరవై ఆరు మంది. ఐదుగురు రాలే. వాళ్లను నేను ఏమనలే, కాని పాలు పోసేటప్పుడు పలకరించుడు మానేసిన. వాళ్ల బదులు, ఇంకా తక్కువైన వాళ్ల బదులు, వహీద్ భాయ్ తలాబ్‌కట్ట నుంచి మనుషుల్ని తెచ్చిండు. ఆదివారం మలక్‌పేటలో నోటరీ ఆఫీసు మెట్ల మీద కింది దాకా లైను. ముసలి వకీలు ప్రతి ఒక్కర్నీ ఒకటే ప్రశ్న అడిగిండు. నా వంతు వచ్చింది.

"ఇంకేదన్న పార్టీలో సభ్యులా?"

"ఉంటి. మొన్నటి దాకా. ఇగో ముద్ర."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఈ పార్టీలనే."

సంతకం పెట్టిన. గీత కాయితం తీసుకొని కట్టల పెట్టింది. దాని కండ్లు తడిగున్నయా లేదా చూడలే. ఇరవై తొమ్మిదో రోజు కట్ట స్పీడ్ పోస్టుల పోయింది, తెల్లారి కమిషన్‌కు ముట్టింది.

మొదటి సర్వసభ్య సమావేశం సోమయ్య గోదాంల పెట్టిండ్రు. పప్పుల బస్తాల మీద యాభై మంది కూసున్నరు. ఫ్యాన్ ఒక్కటే. తీర్మానాలు గీత చదివింది. మొదటిది వహీద్ భాయ్ పెట్టిండు. వేరే పార్టీ ఏదైనా సరే, రాజీనామ ఇచ్చి వచ్చినోళ్లను చేర్చుకోవాలె, ఏడాది సభ్యునిగ ఉంటే టికెట్ అడగొచ్చు.

బాలనర్సింహకు వాళ్ల పార్టీలో పదవి పోయిందని, ఇద్దరు ముగ్గురితో ఇక్కడికి కబురు పంపిండని నేను విన్న. అందరూ విన్నరు.

"నేను ఒప్పుకోను," అని లేచి చెప్పిన. "శవం మీద కండువా కప్పినోడు రేపు ఈ బస్తా మీద కూసుంటడు. గీత పక్కనే కూసుంటడు. ఆ దినం కోసం కాదు నేను మెట్టు మీద కూసున్నది."

వహీద్ భాయ్ నా మాట పూర్తయ్యే దాకా ఆగిండు. "బీరయ్య భాయ్, నువ్వు గూడ ఆ బుక్కులకెల్లి వచ్చినోనివే. మేం నిన్ను చేర్చుకోలేదా? తలుపు ఒకరికి తెరిచి ఒకరికి మూస్తే అది పార్టీ కాదు, నీ ఇల్లు."

ఎవరూ నవ్వలే.

చేతులెత్తమన్నరు. తీర్మానానికి నలభై ఆరు చేతులు. వద్దన్నది నాతోని కలిపి నలుగురం. గీత చెయ్యి నలభై ఆరుల ఉన్నది. నా దిక్కు చూసుకుంటనే ఎత్తింది, దించలే.

చెప్పులు వాకిట్ల ఉన్నయి. నా జీవితంల నా మాట చెల్లని చోట నేను రెండో నిమిషం ఉండలే. లేచి పోతే ఆపేటోడు లేడు. అందరికీ తెల్సు, అందుకే ఎవరూ మాట్లాడత లేరు. గీత కాయితం మీద అంకెలు వేసి, కింద సంతకం పెట్టి, పెన్ను పట్టుకొని ఆగింది.

"రెండోది చదువు బిడ్డా," అన్న.